శిక్ష, శిక్షణ: కృష్ణా దిగువ డెల్టాలో క్రైస్తవ తండ్రి అధికారం

మన కథానికల్లో క్రైస్తవ తండ్రి ఎక్కువగా రెండు రూపాల్లోనే కనిపిస్తాడు. ఒకటి, ఒక చేత బైబిలూ మరో చేత బెత్తమూ పట్టుకున్న పాస్టరు. రెండోది, కొడుకుని మిషను హాస్టల్లో వేసి, ఆ కొడుకు దొరబాబై తిరిగి వచ్చి తనను గుమ్మంలోనే నిలబెడితే కన్నీళ్లు పెట్టుకునే అమాయకుడు. ఈ రెండు బొమ్మలూ పూర్తిగా అబద్ధమని అనలేం. కాని ఆ తండ్రి చేతికి అధికారం ఎప్పుడు వచ్చింది, ఎవరి చేతిలోంచి వచ్చింది అనే ప్రశ్న ఆ కథలు వేసుకోవు. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలను ఎరిగిన రచయితకు ఆ ప్రశ్న తప్పదు. ఎందుకంటే ఈ ప్రాంతంలో మిషను పేరు మొదట మారుమోగింది తండ్రి మాట కాదని ఇల్లు వదిలిన కొడుకుల వల్ల. ఆ తర్వాత కొన్ని తరాలకు అదే మతం పిల్లలకు విధేయతను ప్రధాన ధర్మంగా బోధించడం మొదలుపెట్టింది. ఈ రెండింటికీ మధ్య ఏం జరిగిందో తెలియకుండా ఆ తండ్రిని తిట్టినా, జాలిపడినా అది సాహిత్యం కాదు.

ముందు ఒక మాట సంగతి చూడాలి. పిల్లలను ఎలా పెంచాలో చెబుతూ ఎఫెసీ సంఘానికి రాసిన పత్రికలో ఉన్న గ్రీకు మాట ‘పైదేయా’. పిల్లవాణ్ణి పెంచి పెద్దచేసే మొత్తం వ్యవహారానికి ఆ మాట వర్తిస్తుంది: చదువు, నడత, అలవాటు, అవసరమైన చోట మందలింపు. తెలుగు బైబిలు అనువాదకులు దానికి పెట్టిన మాట ‘శిక్ష’. సంస్కృతంలో ఆ మాటకు నేర్పడమనే అర్థం. వేదాంగాల్లో శిక్ష అంటే ఉచ్చారణ నేర్పే శాస్త్రం. హిందీలో ఈనాటికీ అది చదువే. తెలుగులో మాత్రం ఆ మాట కచేరీ మెట్లెక్కి, జైలు దాకా వెళ్లి, దండన అనే అర్థంలో స్థిరపడిపోయింది. నేర్పడానికి మనం ‘శిక్షణ’ అని ఇంకో మాట పెట్టుకున్నాం. 2000 తర్వాత బడి గోడల మీద ‘సర్వశిక్షా అభియాన్’ అనీ, 2018 తర్వాత ‘సమగ్ర శిక్ష’ అనీ కేంద్ర పథకాల పేర్లు రాసినప్పుడు తెలుగు చెవికి అవి ఎలా వినిపించాయో వేరే చెప్పనక్కరలేదు. పథకం పేరయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. వేదగ్రంథంలో మాట అలా వినిపిస్తే దాని ఫలితం పిల్లవాడి వీపు మీద ఉంటుంది. అనువాదకులు పొరపడ్డారని నేననను. వారి కాలపు పండితభాషలో శిక్షకు రెండర్థాలూ ఉన్నాయి. కాని గుడిలో కూర్చుని వినే కూలివాడి భాషలో ఒక్కటే మిగిలింది. అనువాదంలో ఒక మాట ఎన్నిక కొన్ని తరాల కుటుంబ జీవితాన్ని ఎటు మొగ్గిస్తుందో చూడదలచిన సాహిత్య విద్యార్థికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అయితే బెత్తం ఓడ దిగి వచ్చిందనుకోవడం మాత్రం తప్పు. సామెతల గ్రంథంలో బెత్తం ఉన్నమాట నిజమే. కాని మన వీధిబడుల్లో కోదండం, గోడకుర్చీ, తొడపాశం, గుంజీలు మిషనరీలు రాకముందు నుంచీ ఉన్నాయి. ‘దండం దశగుణం భవేత్’ అనీ, ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనీ మన పెద్దలు అనడానికి ఏ దొరా నేర్పనక్కరలేకపోయింది. ఇంగ్లండులో ఎవాంజెలికల్ కుటుంబాల పెంపకం మీద బలమైన ముద్ర వేసిన వాటిలో జాన్ వెస్లీకి తల్లి సుసానా వెస్లీ 1732లో రాసిన ఉత్తరం ఒకటి. బిడ్డ మనోబలాన్ని చిన్ననాడే లొంగదీయాలన్నది అందులోని సారం. ఆ వాతావరణంలో పెరిగిన మిషనరీ ఇక్కడికి వచ్చి మన పంతులుగారిని చూసినప్పుడు, కనీసం ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ పేచీ రాలేదు.

అసలు పేచీ మరోచోట ఉంది. క్రైస్తవ గ్రంథంలో తల్లిదండ్రుల అధికారాన్ని గురించి ఒక్క గొంతు లేదు, రెండున్నాయి. పది ఆజ్ఞల్లో తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ ఉంది. మాట వినని కొడుకును ఊరిపెద్దల ముందుకు తెచ్చి రాళ్లతో కొట్టి చంపమనే భయంకరమైన విధి ద్వితీయోపదేశకాండంలో ఉంది. పౌలు పత్రికల్లో పిల్లలకు విధేయత, దాని వెంటనే తండ్రులకు ఒక హెచ్చరిక ఉన్నాయి: పిల్లలకు కోపం రేపవద్దు, వారి మనసు కుంగదీయవద్దు అని. ఇదంతా ఒక వరస. రెండో వరస సువార్తల్లో ఉంది. పన్నెండేళ్ల యేసు తల్లిదండ్రులకు చెప్పకుండా దేవాలయంలో ఉండిపోతాడు. వెతికి వచ్చిన తల్లికి ఆయన ఇచ్చిన జవాబు మన లెక్కలో ఎదురుచెప్పడమే. పెద్దయ్యాక, తల్లీ అన్నదమ్ములూ బయట నిలబడి పిలుస్తుంటే, నా తల్లి ఎవరని అడుగుతాడు. తండ్రికీ కొడుక్కీ మధ్య వైరం పెట్టడానికి వచ్చానంటాడు. తనకంటే తండ్రినో తల్లినో ఎక్కువగా ప్రేమించేవాడు తనకు తగడంటాడు.

తెలుగు పాఠకుడికి ఇది వింతగా తోచనక్కరలేదు. పితృవాక్య పరిపాలనకు రాముణ్ణి చూపే సంప్రదాయమే తండ్రిని ధిక్కరించిన ప్రహ్లాదుణ్ణి పరమభక్తుడిగా నిలబెట్టింది. చండామార్కుల బెత్తం ఓడిపోవడమే ఆ కథలో రసం. అంటే రెండు మతాల్లోనూ రెండు ఆజ్ఞలూ ఉన్నాయి. ఏ కాలంలో, ఎవరి ఇంట్లో ఏ ఆజ్ఞను పైకి తీస్తారన్నదే ప్రశ్న. దానికి జవాబు గ్రంథంలో దొరకదు, ఊళ్లో దొరుకుతుంది.

బందరుకు చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో వచ్చారు. ఫాక్స్ ఊళ్లు తిరిగాడు. నోబుల్ 1843లో ఇంగ్లీషు బడి పెట్టాడు. తర్వాత నోబుల్ కాలేజీగా పేరుపొందినది ఇదే. పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు ఆ కాలేజీలో చదివిన వారే. ఆ బడిలో అగ్రకులాల పిల్లలకూ ముస్లిముల పిల్లలకూ ప్రవేశం ఉండేది. మాల మాదిగ పిల్లలకు లేదు. ఇంగ్లండులో పెద్దింటివాడు తన కొడుకుని నౌకరు పక్కన కూర్చోబెడతాడా అన్నది నోబుల్ సమర్థన. తోటి మిషనరీలే దీన్ని తప్పుపట్టారు. మనం కూడా తప్పుపడదాం. కాని ఇందులో ఇంకొక సంగతి కూడా చూడాలి. నోబుల్ గెలవదలచుకున్నది కరణాల, ఆసాముల, ఉద్యోగుల ఇళ్లను. అంటే ఆస్తి ఉన్న తండ్రులను.

ఆ తండ్రులు పిల్లల్ని బడికి పంపింది కలెక్టరు కచేరీలో కొలువు కోసం. బైబిలు పాఠాన్ని చేదుమందులా సహించారు. 1852లో మంచాల రత్నం అనే బ్రాహ్మణ యువకుడూ, ఐనాల భూషణం అనే వెలమ యువకుడూ నోబుల్ ఇంటికి వచ్చి బాప్తిస్మం కోరారు. బందరు అట్టుడికిపోయింది. బంధువులూ జనమూ బంగళా చుట్టుముట్టారు. బడి దాదాపు ఖాళీ అయిపోయింది. మిషనరీ జీవితచరిత్రల్లో ఈ ఘట్టం విజయగాథగా వర్ణితమయింది. మన జాతీయవాద రచనల్లో ఇలాంటివి మాయమాటలు చెప్పి బిడ్డల్ని ఎత్తుకుపోవడంగా చిత్రితమయ్యాయి. రెండు చోట్లా తండ్రి మనిషిగా కనిపించడు. కొడుకుంటేనే పితృదేవతలకు పిండం అని నమ్మిన మనిషికి, ఆ కొడుకు బతికుండగానే చచ్చినవాడితో సమానమయ్యాడు. కులం తప్పినవాడికి బతికుండగానే ఘటశ్రాద్ధం పెట్టే ఆచారం మనకుంది. ఆ తండ్రి బంగళా గేటు దగ్గర పెట్టిన కేకలను ఏ భాషలోనూ ఎవరూ సరిగా రాయలేదు. కొడుకు పక్షాన నిలబడుతూనే ఆ కేకలు రాయగలిగిన నవలాకారుడు మనకింకా రావలసి ఉంది.

ఇలాంటి వివాదాల్లో కచేరీ అడిగే ప్రశ్న ఒకటే: వీడికి బుద్ధెరిగిన వయసు వచ్చిందా? 1843లో బొంబాయిలో నారాయణ శేషాద్రి అనే బ్రాహ్మణ యువకుడు క్రైస్తవుడయ్యాడు. పన్నెండేళ్ల తమ్ముడు శ్రీపతి కూడా మిషనరీ ఇంట ఉండిపోతే, కోర్టు అతన్ని తండ్రికి అప్పగించింది. అంతటితో కథ ముగియలేదు. మిషనరీ ఇంట తిన్నవాణ్ణి ప్రాయశ్చిత్తంతో మళ్లీ కులంలో కలుపుకోవచ్చా అని బొంబాయి బ్రాహ్మణ్యం రెండుగా చీలిపోయింది. మెజారిటీ వయసును పద్దెనిమిదిగా సాధారణ చట్టంలో రాసింది 1875లో. అంతకుముందు బుద్ధెరిగిన వయసు ఏదన్నది న్యాయమూర్తి అంచనా మీద నడిచేది.

వయసు కంటే పెద్ద అస్త్రం ఆస్తి. మతం మారిన కొడుక్కి వాటా పోతుందన్నది తండ్రి చేతిలోని చివరి బెత్తం. 1850 నాటి ఇరవై ఒకటో చట్టం దాన్ని విరిచేసింది. కులం పోయినంత మాత్రాన వారసత్వపు హక్కు పోదన్నది ఆ చట్టం. రత్నం, భూషణం ఇల్లు వదిలింది ఆ చట్టం వచ్చిన రెండేళ్లకే. వారు వాటా కోసం వదిలారని అనడం లేదు. ఇళ్లు పోయి నోబుల్ పంచన బతికారు, తర్వాత ఇద్దరూ గురుపట్టం పొందారు. కాని హిందూ తండ్రులు భయపడింది బైబిలుకి మాత్రమే కాదు. ఆ బైబిలు వెనక ఉన్న చట్టానికి కూడా. తర్వాత కొద్ది ఏళ్లలో జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కూడా ఇదే దారిన పోయి కేంబ్రిడ్జిలో చదివాడు. నోబుల్ పెళ్లి చేసుకోలేదు. ఇల్లు వదిలిన ఈ కుర్రాళ్లకు ఆయనే తండ్రి అయ్యాడు. ఒక తండ్రిని కాదన్నవాడికి మరో తండ్రి దొరకడం, ఆ కొత్త తండ్రి మాట మరింత కటువుగా చెల్లుబాటు కావడం, వలసపాలన అనే పెద్ద కథకు చిన్న నమూనా.

ఇక రెండో చరిత్ర పూర్తిగా వేరు. కృష్ణా జిల్లా మెరక ప్రాంతంలో రాఘవాపురంలో పాగోలు వెంకయ్య అనే మాలపెద్ద 1859లో తనవాళ్లతో కలిసి డార్లింగ్ అనే మిషనరీ చేత బాప్తిస్మం పొందాడు. బందరు బడి తలుపులు ఎవరికి మూసి ఉన్నాయో వారే ఆ తర్వాత వందలుగా, వేలుగా వచ్చారు. ఇక్కడ కొడుకు తండ్రిని ఎదిరించి రాలేదు. పెద్ద నడిచాడు, ఇల్లు వెంట నడిచింది, పేట వెంట నడిచింది. అగ్రకులంలో క్రైస్తవం కుటుంబాన్ని చీల్చుకుని వస్తే, మాలపల్లెలో కుటుంబాన్ని ఎక్కి వచ్చింది. తండ్రి అధికారం అక్కడ అడ్డుగోడ, ఇక్కడ బండి. డెల్టా పల్లెల్లో సంఘాలు పెరిగింది ఈ రెండో దారినే. చర్చి మిషను వారితో పాటు ఉయ్యూరు, అవనిగడ్డల్లో కెనడా బాప్టిస్టులు ఉన్నారు. రోమన్ కాథలిక్కులు ఉన్నారు.

కాని ఆ మాలతండ్రికి తన బిడ్డ మీద ఉన్న అధికారం ఎంత? ఇక్కడ ఆగి ఆలోచించాలి. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువనీరు పారిన కొద్దీ మాగాణి పెరిగింది, మాగాణితో పాటు పాలేళ్ల అవసరమూ పెరిగింది. పాలేరు అప్పు తీసుకుంటే కొడుకు గొడ్ల దగ్గరికి పోవాలి. పెరిగి పెద్దవాడైతే తండ్రి అప్పుకు వాడు పెద్దపాలేరవుతాడు. పొద్దున వాణ్ణి లేపేది తండ్రే అయినా, లేపించేది కామందు. వాడు తప్పుచేస్తే కొట్టేదీ కామందే. కొట్టించుకున్న కొడుకుని తండ్రి మళ్లీ కొడతాడు, కామందు చూసేట్టు. పిల్లల శ్రమను తల్లిదండ్రులు తాకట్టు పెట్టే ఒప్పందాలు చెల్లవని ఇండియాలో 1933లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ వ్యవహారం ఎంత మామూలుగా సాగిందో ఊహించవచ్చు. ఈ తండ్రి దగ్గర ఉన్నది అధికారం కాదు, పెద్దరికపు ముసుగు వేసిన పూచీకత్తు.

అలాంటివాడితో ఉపదేశి వచ్చి, నీ బిడ్డకు నువ్వు దేవుని ముందు జవాబుదారీవి, వాణ్ణి గొడ్ల దగ్గరికి కాదు, బడికి పంపు అన్నాడు. ఈ మాట ఎంత పెద్దదో ఊరి ఆసామికి వెంటనే అర్థమయింది. మాలపల్లె బడుల మీద రైతులు కోపగించింది యేసు మీద కోపంతో కాదు, గొడ్లకాపరులు తగ్గుతారని. ‘తండ్రి’ అనే మాట పాలేరు జీవితంలో మొదటిసారి ఒక అర్థాన్ని సంతరించుకుంది. తన బిడ్డ ఏం చేయాలో తాను చెప్పవచ్చు. విధేయతను బోధించే వాక్యాన్ని ఆ పల్లె అధికారపత్రంలా పుచ్చుకుంది. అగ్రకులపు తండ్రికి ఆ వాక్యం కొత్తగా ఇచ్చేదేమీ లేదు. పాలేరు తండ్రికి అది పట్టా.

ఈ పట్టాలో ఒక చిక్కు ఉంది. తండ్రికి చదువు రాదు. సాయంకాలం కుటుంబప్రార్థనలో దీపం ముందు గ్రంథం విప్పి చదివేది బడికి పోతున్న కొడుకో కూతురో. పిల్లలారా విధేయులై ఉండండి అనే అర్థం వచ్చే వాక్యాన్ని పిల్ల చదువుతుంటే తండ్రి వింటాడు. ఎక్కడ ఆపాలో, ఏది వదిలేయాలో పిల్ల చేతిలో ఉంది. అచ్చక్షరం మీద అధికారం కొడుకుది, ఇంటి మీద అధికారం తండ్రిది. ఈ రెండూ ఒకే చాప మీద కూర్చున్నాయి. తొలితరం క్రైస్తవ ఇళ్లలో తండ్రి ఎందుకంత గట్టిగా బెత్తం పట్టుకున్నాడో అర్థం కావాలంటే ఈ చాప దగ్గరికి రావాలి. తన చేతిలో లేని పుస్తకం పేరుమీద పాలించేవాడు చేతిలో ఉన్నదాన్ని బిగించి పట్టుకుంటాడు.

దీన్ని సమర్థనగా తీసుకోవద్దని మనవి. దెబ్బ తిన్న పిల్లవాడికి చరిత్ర మందు కాదు. ఇంకొక సంగతి కూడా ఉంది. దళితవాడ తండ్రి కొట్టిన దెబ్బల్లో కొన్ని భయంలోంచి వచ్చినవి. ఆసామి అరుగు ముందు నుంచి చెప్పులేసుకుని నడిచావా, ఎదురు మాట్లాడావా అని కొడుకుని ఇంట్లో చావగొట్టిన తండ్రి, బయట ఇంకొకరు చంపకుండా చూస్తున్నాననుకున్నాడు. ‘మాలపల్లి’లో ఉన్నవ చిత్రించిన రామదాసుది క్రైస్తవ గృహం కాదు. అయినా తండ్రి ఓర్పుకీ, వెంకటదాసు తిరుగుబాటుకీ మధ్య ఉన్నది ఇదే భయం, ఇదే ప్రశ్న. 1940లలో దివి తాలూకాలో చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం పోరాటం సాగినప్పుడు పేటల్లో ఈ వాదం ఎన్ని ఇళ్లలో నడిచిందో! పై అధికారులకు లోబడమనే పౌలు బోధ తండ్రి నోట, అన్యాయాన్ని తిట్టిన ప్రవక్తల మాట కొడుకు నోట. గ్రంథం ఒకటే.

మిషను బోర్డింగుల సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాను. పల్లె ఇల్లు పిల్లను చెడగొడుతుందని మిషనరీలు గట్టిగా నమ్మారు. బందరులో షార్కీ దొరసాని నడిపిన బాలికల బోర్డింగు నుంచి తర్వాతి కాలపు హాస్టళ్ల దాకా గంటకు లేవడం, గంటకు తినడం, గంటకు ప్రార్థించడమే చదువులో సగం. ఆ గంట లేకపోతే డెల్టా క్రైస్తవుల్లో తొలితరం టీచర్లూ నర్సులూ లేరు. కాని తండ్రికి కొత్తగా దక్కిన అధికారం అక్కడ మళ్లీ చేయి మారింది. కామందు దగ్గర్నుంచి తండ్రికి, తండ్రి దగ్గర్నుంచి వార్డెనుకు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో సుమారు పదివేల ప్రాణాలు తీసిందని ప్రభుత్వ లెక్క. అంతకన్నా ఎక్కువని చెప్పినవారూ ఉన్నారు. తల్లిదండ్రులు పోయిన పిల్లలకు తండ్రి ఎవరన్నది అప్పుడు వేదాంత ప్రశ్న కాదు. 2015 నాటి బాలల న్యాయచట్టం సంరక్షణ గృహాల్లో శారీరక దండనను నేరం చేసింది. విద్యాహక్కు చట్టం 2009లోనే బడిలో దెబ్బను నిషేధించింది. ఇంటి దెబ్బ దగ్గరికి మాత్రం చట్టం రాలేదు. పన్నెండేళ్లలోపు పిల్లల మేలు కోరి సంరక్షకుడు చేసే పనికి 1860 నాటి శిక్షాస్మృతి ఇచ్చిన రక్షణ 2023 నాటి కొత్త న్యాయసంహితలోనూ కొనసాగుతున్నది. ఇదే సమయంలో, లూథరు బోధ మీద పెరిగిన స్వీడను దేశం తల్లిదండ్రులు పిల్లల్ని కొట్టరాదని 1979లోనే చట్టం చేసింది. తల్లిదండ్రుల అధికారం నుంచే పాలకుల అధికారం పుట్టిందని బోధించినవాడు లూథరు. వాక్యం అదే అయినా దేశం మారితే చదివే తీరు మారింది.

శాఖల మధ్య తేడా కూడా రచయితకు తెలియాలి. ఆంగ్లికను సంప్రదాయంలోనూ, 1947లో దాన్ని కలుపుకున్న దక్షిణ ఇండియా సంఘంలోనూ, కాథలిక్కుల్లోనూ పసిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు. బిడ్డ తరఫున పెద్దలు ప్రమాణం చేస్తారు. బాప్టిస్టులకూ, బ్రదరన్, పెంతెకొస్తు సహవాసాలకూ ఇది ఒప్పదు. తెలిసి, తానుగా ఒప్పుకుని నీళ్లలోకి దిగాలి. తండ్రి విశ్వాసం కొడుక్కి పనికిరాదు. సిద్ధాంతరీత్యా ఇది తండ్రి అధికారానికి పెద్ద గండి. బక్త్‌సింగ్ సహవాసాలు మన జిల్లాల్లో వ్యాపించాయి. ఆయన జీవితంలో తరచు చెప్పుకునే ఘట్టం ఏమిటంటే, సిక్కు తల్లిదండ్రులు విశ్వాసాన్ని గుట్టుగా ఉంచుకోమంటే ఒప్పుకోక, 1933లో బొంబాయిలో వారికి దూరమవడం. ఆ ఘట్టాన్ని ఆదర్శంగా వినిపించే ఇంట్లోనే, కొడుకు ఆదివారం గుడికి రానంటే ఏమవుతుంది? కథ అక్కడుంది.

కూతురి దగ్గరికి వస్తే సంగతి మరింత తేటపడుతుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఇరవై ఒక్క ఏడు నిండనివారి పెళ్లికి తండ్రి సమ్మతి కావాలన్నది. తండ్రి లేకపోతే సంరక్షకుడు. ఆ తర్వాతే తల్లి. అయితే పల్లెలో చట్టం కన్నా బలమైనది మరొకటుంది. మాల క్రైస్తవుడి కొడుక్కి మాదిగ క్రైస్తవుడి కూతుర్ని చేసుకోవడం అనేకచోట్ల ఇప్పటికీ కష్టమే. కమ్మ, రెడ్డి క్రైస్తవుల సంగతి చెప్పనక్కరలేదు. అటువంటి పెళ్లి మాట వచ్చినప్పుడు తండ్రులు కులం పేరెత్తరు, తల్లిదండ్రులకు విధేయత అనే వాక్యం ఎత్తుతారు. నోబుల్ బంగళా ముందు 1852లో అరిచిన తండ్రుల వాదన ఇప్పుడు బైబిలు భాషలో వినిపిస్తున్నది. తండ్రినీ తల్లినీ విడిచి భార్యను హత్తుకోవాలన్న మాట కూడా ఆ గ్రంథంలోదే. దాని మీద బోధించమని కుర్రాళ్లు పాస్టరుగారిని అడిగి చూడవచ్చు.

జాషువ కుటుంబ కథ ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. ఆయన తల్లిదండ్రులదే కులాంతర వివాహం: తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. తండ్రి క్రైస్తవ బోధకుడు. పురాణ వస్తువులతో కవిత్వం రాస్తున్నాడని జాషువను క్రైస్తవ పెద్దలే దూరం పెట్టారు. అటు అగ్రహారమూ ఇటు గుడీ రెండూ ఆయనకు ‘తండ్రుల’ గొంతుతోనే మాట్లాడాయి. అయినా ‘క్రీస్తు చరిత్ర’ రాసింది ఆయనే; 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన కూతురు హేమలత పెళ్లాడింది గోరా కొడుకు లవణాన్ని. గోరా బందరు హిందూ కళాశాలలో పనిచేసి, నాస్తికత్వం కారణంగా ఆ కొలువు పోయాక, 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన మనిషి. ఆయన కూడా ఆచారం కాదన్నందుకు తన తండ్రి ఇల్లు వదలవలసి వచ్చినవాడే. మతం పట్టినవాడికీ మతం వదిలినవాడికీ తండ్రి గుమ్మం దగ్గర జరిగింది ఒకటే.

దళిత క్రైస్తవ తండ్రి చేతిలో మరొక బెత్తం కూడా ఉంది, దాన్ని రాజ్యం ఇచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాల, మాదిగలకు షెడ్యూల్డు కులపు హోదా లేదు. కాబట్టి బిడ్డ బడిలో చేరేనాడు తండ్రి నిర్ణయించాలి: గుడి పుస్తకంలో ఉన్న పేరా, బడి రిజిస్టరులో వేరొక పేరా? అబద్ధమాడవద్దని ఆదివారపు బడిలో నేర్పి, సోమవారం బడి దగ్గర వేరే పేరు పలకమని బిడ్డకు చెప్పే తండ్రి మనస్సులోకి ఏ కథకుడు దిగాడు? క్రైస్తవ తల్లిదండ్రుల బిడ్డ హిందువుగా మారి, కులం వారు చేర్చుకుంటే, తల్లిదండ్రుల పాత కులాన్ని పొందవచ్చునని గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. అంటే తండ్రి వదిలినదాన్ని కొడుకు తండ్రిని వదిలి పుచ్చుకోవాలి. ఇది కూడా ఒక తప్పిపోయిన కుమారుడి కథే. ఇక్కడ ఇల్లు వదలమన్నవాడు రాజ్యం.

కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000)లో ఎల్లన్న నుంచి రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ దాకా తరాల పేర్లు మారుతూ వస్తాయి. పేర్ల మార్పులోనే అధికారం చేతులు మారడం కనిపించే నవల అది. అయితే దాని దృష్టి ప్రధానంగా పోరాటాల వారసత్వం మీద ఉంది. చాప మీద దీపం ముందు తండ్రీకూతుళ్ల మధ్య నడిచే రోజువారీ వ్యవహారం మీద కాదు. ఆ చిన్న చోటు రాయడానికి ఉపకరణాలు డెల్టా భాషలోనే ఉన్నాయి. పాస్టరుని ‘అయ్యగారు’ అంటారు, ఆయన భార్యని ‘అమ్మగారు’ అంటారు. కామందునీ కామందు భార్యనీ కూడా ఒకప్పుడు ఆ మాటలతోనే పిలిచారు. దేవుణ్ణి మాత్రం ‘తండ్రీ’ అని, ‘నీవు’ అని ఏకవచనంలో పిలుస్తారు. గుడివాడ పక్క పేటలో సొంత నాన్నను ‘మీరు’ అనే పిల్ల పరలోకపు తండ్రిని ‘నువ్వు’ అని ప్రార్థిస్తుంది, ఆ నాన్న వింటుండగానే.